పసుపు గీతకు ఇవతల

నాలుగు ట్యాంకులూ రబ్బరువే. డేగ అనే పెద్దమనిషి పెన్ను మూత తీసేదాకా ఆ సంగతి బయటపడకూడదు. పడిందా, సోమవారం కంపెనీ గేటుకి తాళం.

"ఆయన వాటి దగ్గరికెళ్ళి చెయ్యి వేస్తేనో?" అన్నాడు బాబాయి.

"వెయ్యడు. మైదానానికి అడ్డంగా పసుపు గీత గీయించాను కదా," అంది ఇంజినీరమ్మ.

"గీత గీస్తే మనుషులు ఆగిపోతారా? అలాగైతే రోడ్డు మీద పోలీసెందుకు తల్లీ?"

ఆమె వెళ్ళి గీత మీద ఇంకో పూత రంగు వేయించింది.

కంపెనీ పెట్టి మూడేళ్ళయింది. ఆమె నమూనాలు గీస్తుంది. ఒకప్పుడు కార్లకు కవర్లు కుట్టిన బాబాయి వాటికి ప్రాణం పోస్తాడు. పద్దెనిమిది మంది పనివాళ్ళు వీళ్ళిద్దర్నీ నమ్ముకుని ఉన్నారు. పెట్టుబడి పెడతామంటూ ఇదివరకు ఇద్దరు వచ్చారు. కాగితాలు చదివి, పడీపడీ నవ్వి, టీ తాగి పోయారు. ఇక మిగిలింది డేగ ఒక్కడే.

డేగంటే ఆయన ముద్దుపేరు. రక్షణ రంగంలో కొత్తగా పుట్టే కంపెనీల మీదే డబ్బు పెడతాడు. ఎక్కడ ఏ మోసం ఉన్నా ఇట్టే పసిగడతాడని ప్రతీతి. ఆ ప్రతీతిని పుట్టించి, పెంచి, పెద్ద చేసింది కూడా ఆయనే.

పదకొండింటికి కారు దిగాడు.

"నివేదిక పంపించానండీ, నలభై పేజీలు. చూశారా?" అని అడిగింది ఇంజినీరమ్మ, గుండె చిక్కబట్టుకుని.

"కాగితాలు చదవడం నా ఒంటికి పడదమ్మా. సరుకు చూపించు. ఈ రెండు కళ్ళూ చాలు."

పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది ఆమెకి.

వెనక మైదానంలో, గీతకి వంద అడుగుల అవతల, నాలుగు ట్యాంకులూ బురద కొట్టుకుని బారుగా నిలబడి ఉన్నాయి. ఆ బురద పొద్దున్నే బాబాయి బకెట్లతో చల్లింది.

డేగ కళ్ళు చిట్లించాడు. "బరువెంత?"

"ఈ రకంలో ఇంత తేలికది ఇంకెక్కడా దొరకదండీ."

"ఇంధనం?"

"నెలంతా నిలబెట్టినా చుక్క తాగదండీ."

"శత్రువు గుండు సూటిగా వచ్చి తగిలితే?"

"తగలనివ్వండి. మనవాడు ఒక్కడికి కూడా చిన్న గీరు పడదు."

"మళ్ళీ బాగుచెయ్యడానికి?"

"పావుగంట."

"జిగురు మంచిదైతే పది నిమి..." అనబోయి బాబాయి నాలిక కరుచుకున్నాడు.

అదృష్టం బాగుంది. డేగకి ఎదుటివాళ్ళ మాటలు సగమే వినే అలవాటు. అప్పటికే ఆయన ఆకాశం కేసి చూస్తూ ఉపన్యాసంలోకి దిగిపోయాడు.

"దేశమంటే ఎలా ఉండాలి? దెబ్బ తిన్నా మర్నాటికి లేచి నిలబడాలి! దానికి ఏం కావాలి? ఉక్కు కావాలి!"

సరిగ్గా అప్పుడే ఓ కాకి వచ్చి మూడో ట్యాంకు గొట్టం మీద వాలింది. ఫిరంగి గొట్టం మెల్లగా కిందికి వంగింది. బాబాయి గుండె జారి గోచీలో పడింది. ఆ కాకిని తోలడానికి రెండు చేతులూ ఎత్తి టపటపా చప్పట్లు కొట్టాడు.

డేగ వెనక్కి తిరిగి వినయంగా తల వంచాడు. "థాంక్స్. ఉన్నమాటే అన్నాను."

ఆయన మళ్ళీ ట్యాంకుల వైపు తిరిగేసరికి కాకి ఎగిరిపోయింది. గొట్టం మళ్ళీ తిన్నగా లేచింది.

అంతటితో వదిలితే ఆయన డేగెలా అవుతాడు? డ్రైవరు చేత కారులోంచి చిన్న డ్రోను తెప్పించాడు. దాన్ని పైకి ఎగరేసి, తెర మీద ఒక్కో ట్యాంకునీ పెద్దది చేసి, ఫిరంగి బురుజూ చక్రాల గొలుసులూ మేకులూ అన్నీ చూశాడు. ఆ ఆరు నిమిషాల్లో ఇంజినీరమ్మ మొక్కని దేవుడు లేడు.

"ఊఁ," అన్నాడు చివరికి. అని, తన ధోరణిలో ఓ అడుగు ముందుకేశాడు. బూటు గీత దాటింది.

"ఆగండి!"

ఆమె గొంతులోంచి అంత కేక వస్తుందని ఆమెకే తెలియదు. డేగ ఉలిక్కిపడి కాలు వెనక్కి తీసుకున్నాడు. మొహం జేవురించింది. అయిపోయింది, మూడేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది అనుకుంది ఆమె.

"నన్నే ఆపావా?" అన్నాడు. తర్వాత మొహం నిండా నవ్వాడు. "శభాష్! కంపెనీ అంటే ఇలా కట్టుదిట్టంగా ఉండాలి. పద, సంతకం పెడతాను."

గదిలోకి వచ్చి కూర్చున్నారు. డేగ మంచి హుషారుగా ఉన్నాడు.

"పాతికేళ్ళుగా చూస్తున్నానమ్మా. నా కళ్ళు కప్పాలని చూసినవాళ్ళు కోకొల్లలు. ఒక్కడి వల్లా కాలేదు. బయట ఉన్నది అసలు సిసలు ఉక్కు. కావాలంటే రాసిస్తాను."

"రాసివ్వండి," అంది ఇంజినీరమ్మ వెంటనే.

డేగ జేబులోంచి పెన్ను తీశాడు. ఆ ముక్క తెల్ల కాగితం మీద రాసి, తేదీ కూడా వేసి ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని జాగ్రత్తగా మడిచి దాచుకుని, ఒప్పందం ఆయన ముందుకి జరిపింది.

"సంతకానికి ముందు మొదటి వాక్యం చదవాలండీ. కాస్త గట్టిగా."

"చెప్పాను కదమ్మా, కాగితాలు నా ఒంటికి..."

"ఒక్క వాక్యమేనండీ."

బాబాయి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. డేగ విసుగ్గా కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివాడు:

"శత్రువు డ్రోన్లనీ, వాటి వెనక ఉన్న ఆరితేరిన కళ్ళనీ బోల్తా కొట్టించి, వాళ్ళ బాంబులన్నీ ఉత్త గాలి మీద ఖర్చు చేయించే రబ్బరు ట్యాంకులు తయారుచెయ్యడమే ఈ కంపెనీ ఏకైక వ్యాపారం."