ఆపమనే తట్టు

వీధి సద్దుమణిగాక కమ్మరి గుండ్రటి ఉక్కు కడ్డీని ఎర్రగా కాల్చి దాగలి మీద పెట్టాడు. దాన్ని కత్తిగా సాగగొట్టడం ఒక్కడి పని కాదు. అతను పట్టకారుతో పట్టుకుంటే, భార్య సమ్మెట వేసేది. అతను చిన్న సుత్తితో దాగలి అంచున తడితే ఆపేది.

"నువ్వు తట్టకపోతే తెల్లార్లూ కొడుతూనే ఉంటా, నీ ఇష్టం," అని నవ్వేది.

ఆమె పోయి మూడు నెలలైంది.

ఒంటిచేత్తో సుత్తి వేశాడు. వెనకే ఇంకో దెబ్బ పడింది, బరువుగా. కడ్డీ మీద వెడల్పాటి నొక్కు. సమ్మెట మాత్రం మూలనే ఉంది, బూజు పట్టి.

"స్వామీ, ఇది నీ దయా, పరీక్షా?"

దెబ్బలు ఆగలేదు. ఉక్కు పలచబడి, నల్లబడి, చల్లారింది. ఇక కొడితే పగులుతుంది. సుత్తిని దాగలి అంచు దాకా తెచ్చాడు.

తట్టలేక ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇంకో నాలుగు వెయ్యవే," అన్నాడు మెల్లగా.