ముందు, తర్వాత

ముందుగాల ఒక మాట. నేను అక్షరాలు నేర్సింది అరవై దాటినంక. కొమ్ములు, దీర్ఘాలు యాడన్న తప్పితే మన్నించుండ్రి. ఈ చిన్న కథ రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఇండ్ల తప్పులున్నయేమో గని అబద్ధం లేదు.

"దింపు! ఆ ఫ్లెక్సీ ఇప్పుడే, నా కండ్ల ముందట దింపు!"

స్కిన్ క్లినిక్ అద్దాల తలుపు తోసుకొని వచ్చిన లక్ష్మీనర్సమ్మ కేకకు కుర్చీలల్ల కూసున్నోళ్లంత ఫోన్లల్ల నుంచి తలలెత్తిండ్రు. ఎనుమాముల మార్కెట్ల మిర్చి తొడిమెలు తీసే పని సగంల ఇడిసి నేరుగ వచ్చిందామె. కొంగు ఒక్కసారి దులిపి బొడ్లె చెక్కుకునేసరికి ముందు వరుసల ఇద్దరు తుమ్మిండ్రు.

కౌంటర్ల పిల్ల పద్మలత లేచి నిలబడ్డది. "కూసో అమ్మా. ఏమైంది?"

"ఏమైందా? నా మనవరాలు యమున మొకం మీ షట్టరు మీద మంచమంత పెద్దగ ఏలాడదీసిండ్రు. ఒక్క మొటిమ ఇడువకుండ! కాలేజీ పోరగాండ్లు అది ఫోటో కొట్టి ఫోన్లల్ల తిప్పుకుంట నవ్వుతాండ్రట. ఆ ఫ్లెక్సీ దిగేదాక గడప దాటనని పిల్ల తలుపు పెట్టుకున్నది. ఎల్లుండి నుంచి ఇంటర్ పరీక్షలు!"

లోపలి అర్ర నుంచి మేనేజరు శ్యాంసుందర్ వచ్చిండు. ఇస్త్రీ అంగీ, మెడల కార్డు.

"ఒక్క దిక్కే చూస్తే ఎట్ల పెద్దమ్మా? పక్కన ఇంకో ఫోటో ఉన్నది గద. ఎల్ఈడీ లైటు థెరపీ అంటే ఏమనుకున్నవు? నీలం లైటు క్రిములను చంపుతది, ఎర్ర లైటు వాపు గుంజుతది. ఎనిమిది సిట్టింగులు, మొకం పాలమీగడ లెక్క అయింది."

"ఎవరి మొకం?"

"మీ యమునదే."

"మా యమున మొకం పొద్దున్నే చూసి వచ్చిన. ఎట్లుండెనో అట్లనే ఉన్నది. కోడిపిల్లలకు బల్బు పెట్టినట్టు ఎనిమిది సార్లు ఆ మాస్కు తొడిగి పండవెట్టిండ్రు. తగ్గకపోయినా నేను ఒక్క మాటనలె. కొందరికి పని చేస్తది, కొందరికి చేయదనుకున్న. ఫోటోలు అడిగిండ్రు, ఇచ్చింది. పాతయి కూడ అడిగిండ్రు, అవీ ఇచ్చింది. బజార్ల కట్టుమని ఇచ్చిందా?"

శ్యాంసుందర్ ఫైలు తెరిచి ఒక కాయితం ఆమె ముందట పెట్టిండు. "ఫోటోలు ప్రచారానికి వాడుకోవచ్చని రాసున్నది. కింద సంతకం ఎవరిది?"

లక్ష్మీనర్సమ్మ వంగి చూసింది. సంతకం ఆమెదే. అండ్ల 'క్ష్మీ' ఒక్కటి నేర్వడానికే నెల పట్టింది. ఆనాడు కాయితంల ఏమున్నదో చూడలే. వేలిముద్ర కాకుండ సంతకం పెడుతున్నా అన్న సంబురంల గీత దాటకుండ రాసుడే చూసుకున్నది.

"చదవరాకుంటే ఎవరితోనన్న చదివిపిచ్చుకోవాలె," అన్నడు శ్యాంసుందర్. రంగుల పాంప్లెట్ ఒకటి తీసి ఆమె చేతిల పెట్టిండు. "ఇగో, ఫ్లెక్సీ మీదున్నయే ఇండ్ల ఉన్నయి. జర చదువుకో."

లక్ష్మీనర్సమ్మ మొదటి ఫోటో కింది అక్షరాల మీద వేలు పెట్టింది. "మం... దు."

శ్యాంసుందర్ పకపక నవ్విండు. "మందు కాదు పెద్దమ్మా, ముందు! కొమ్ము కనవడతలేదా? మందు కావాలంటే పక్క సందుల దుకాణమున్నది." కుర్చీలల్ల కూడ ఒకరిద్దరు నవ్విండ్రు.

లక్ష్మీనర్సమ్మకు చెవులు కాలినయి. కండ్లద్దాలు తీసి కొంగుకు తుడవబోయి, కొంగు నిండ కారమున్నదని యాదికొచ్చి, రైక చేతికి తుడిచి మళ్ల పెట్టుకున్నది. పాంప్లెట్ ను ముక్కు దగ్గరికి తెచ్చుకొని రెండో ఫోటో చూసింది. ఒక్క మచ్చ లేని మొకం, నవ్వుతాంది. కింద 'తర్వాత' అని ఉన్నది. పిల్ల భుజం మీద ఎవరో చెయ్యి వేసిండ్రు. మనిషిని కత్తిరించిండ్రు గని వేళ్లు మిగిలినయి.

ఆమె వేలు అక్షరాల మీది నుంచి ఆ వేళ్ల మీదికి జరిగింది. ఒకటి, రెండు, మూడు. నాలుగోదాని కాడ చానసేపు ఆగింది.

మళ్ల మాట్లాడినప్పుడు ఆమె గొంతుల కేక లేదు.

"ఈ రెండో ఫోటో ఎప్పుడు తీసిండ్రు బిడ్డా?"

"పోయిన నెల. ఎనిమిదో సిట్టింగు కాంగనే."

"యాడ?"

"ఇక్కడనే, మా కెమెరాతోని." కూసున్నోళ్లందరికి వినవడేటట్టు చెప్పిండు. పద్మలత తల వంచుకొని ఊకెనే కీబోర్డు తుడవవట్టింది.

"మరి పిల్ల భుజం మీద ఈ చెయ్యి ఎవరిది?"

శ్యాంసుందర్ పాంప్లెట్ దిక్కు ఒకసారి తొంగి చూసిండు. "అదా... మా డాక్టర్ సారుది. మొకం మంచిగైందని సంబురపడి భుజం తట్టిండు."

"సారు లోపలనే ఉన్నడా?"

"ఉన్నడు. ఎందుకు?"

"జర బయటికి పిలువు. పత్తి మిల్లుల చూపుడువేలు సగం పోయిన, రెండేండ్ల కింద నా ఒళ్లెనే పానం ఇడిసిన నా కొడుకు ఉప్పలయ్యకు మీ దవాఖానల డాక్టరు కొలువు ఎప్పుడు దొరికిందో నేనే అడుగుత!"

పైనుంచి కిందిదాక రెండుసార్లు చదువుకున్నంకనే ఈ సంతకం పెడుతాన్న.

లక్ష్మీనర్సమ్మ
అరవై నాలుగేండ్లు
ఇప్పుడుండేది ధర్మసాగర్, మనవరాలు యమునతోని