ఆరు అంకెలు

కిటికీ అద్దానికి ఫోను ఆనించి పట్టుకున్నాడాయన.

"మళ్లీ వచ్చింది బాబూ. చూడండి, ఆరు అంకెలు."

మున్సిపల్ ఆఫీసు కంప్యూటర్ సెక్షన్ ఇన్‌ఛార్జి తల ఎత్తలేదు. ఎత్తకపోయినా ఎవరో తెలుసు. రెండు నెలలుగా ఇదే వరస. ఆఫీసులో ఆయనకు 'టింగు బాబాయ్' అని పేరు కూడా పెట్టేశారు.

ఆయన భార్య ఇదే ఆఫీసులో నీటి సరఫరా ఆపరేటరు. ఊరి నీళ్లలో ఎంత క్లోరిన్ కలవాలో స్క్రీన్ మీద నొక్కేది ఆవిడే. రెండు నెలల క్రితం గుండె ఆగి పోయింది. ఆవిడ పేరుతో ఎవరైనా సిస్టమ్ తెరవబోతే వచ్చే ఆరంకెల నంబరు మాత్రం, ఇప్పుడు ఆయన దగ్గరున్న ఆవిడ ఫోనుకు వస్తూనే ఉంది.

"మావాళ్లే ఎవరో అలవాటు కొద్దీ ఆవిడ పేరు నొక్కుతుంటారు బాబాయ్. పట్టించుకోకండి."

"ఆవిడ పేరు తీసేయండి మరి."

"తీయాలంటే మరణ ధ్రువపత్రం కావాలి."

"అదే పక్క కిటికీలో అడుగుతున్నాను. కాగితాల్లో ఆవిడ వయసు తేడాగా ఉందని ఆపేశారు. అది చూపిస్తేనే ఇంకొన్నాళ్లు ఉండనిస్తారట, లేదంటే ఆవిడకిచ్చిన క్వార్టర్స్ కూడా నెలాఖరుకి ఖాళీ చేయమంటున్నారు."

"అయితే అది తెచ్చాకే రండి."

"ఆవిడ పోయింది ఇక్కడే కదా బాబూ. ఆ కుర్చీలోనే. అంబులెన్సు పిలిచింది మీరే."

ఇన్‌ఛార్జి కళ్లు ఆ కుర్చీ వైపు తిరిగాయి. నిజమే, పిలిచింది తనే. కానీ కళ్లారా చూసిన చావును ఫైల్లో పెట్టలేం కదా.

"ఇంకో మాట బాబూ. ఈ నంబరు రాగానే ఫోను కూడా..."

"బాబాయ్! వెనక లైను చూడండి ఎంతుందో."

ఫోను మళ్లీ టింగుమంది. లైన్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇన్‌ఛార్జికి ఒళ్లు మండింది.

"సరే, ఒక పని చేస్తా. పేరు తీయలేను గానీ, ఈ ఫోను నంబరు తీసేయగలను. ఇక్కడో సంతకం పెట్టండి. మీకూ మాకూ గొడవ వదిలిపోతుంది."

పెన్ను అందుకోబోయి ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పేరు ఉంచి నంబరు తీసేస్తే ఎలా బాబూ? నేను పెట్టను."

"నాకే కంప్యూటర్ నేర్పిస్తారా?"

ఆయన ఫోను జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు. ఆయన గేటు దాటకముందే ఇన్‌ఛార్జి ఆ ఫోను నంబరు తీసేశాడు.

మర్నాడు ఉదయం పదకొండు గంటలకు నీటి సరఫరా ఇంజనీరమ్మ కేక వినిపించింది.

"క్లోరిన్ పెరిగిపోతోంది! నేనేం ముట్టుకోలేదు!"

ఇన్‌ఛార్జి పరుగెత్తాడు. స్క్రీన్ మీద ఒకటి ఉండాల్సిన చోట నాలుగు. చూస్తుండగానే ఆరు.

"ఆపండి మేడమ్!"

"నొక్కుతున్నా, నా మాట వింటే కదా! సిస్టమ్ లోపల ఇంకెవరో ఉన్నారు."

"ఎవరి పేరుతో?"

ఆవిడ వేలుపెట్టి చూపించింది. రెండు నెలల క్రితం అదే కుర్చీలో కూలిపోయిన మనిషి పేరు.

తొమ్మిది.

ఇద్దరూ పంప్‌హౌస్‌కి పరుగుతీశారు. చేత్తో తిప్పే వాల్వు ఒకటుంది. స్క్రీన్ వచ్చాక దాని మొహం చూసినవాళ్లు లేరు. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. అరచేతులు ఒరుసుకుపోయి నెత్తురొచ్చాక గానీ కదల్లేదు.

మూసేసరికి పావుగంట పట్టింది. ఆలోపు సగం ఊరికి నీళ్లు వెళ్లిపోయాయి. సాయంత్రానికి గొంతులు మండి, వాంతులై, ముప్పై ఏడు మంది ఆసుపత్రిలో చేరారు. అందులో తొమ్మిది మంది పసిపిల్లలు.

ఇంజనీరమ్మ కంప్యూటర్ ముందు కూర్చుని లాగిన్ల చిట్టా తెరిచింది.

"ఆవిడ పాస్‌వర్డ్ ఈ దొంగలకు ఎప్పుడో దొరికింది. రెండు నెలల్లో ఎనభై మూడు సార్లు వచ్చారు. ఆరు అంకెలు అడిగేసరికి ఆగిపోయారు."

"మరి ఇవాళ?"

"ఇవాళ అడగలేదు. నిన్న ఎవరో ఆవిడ ఫోను నంబరు తీసేశారు. పంపడానికి ఫోను లేకపోతే సిస్టమ్ అంకెలు అడగదు."

ఇన్‌ఛార్జి లేచాడు. చేతికట్టుతోనే టింగు బాబాయ్ ఉండే క్వార్టర్స్‌కు వెళ్లాడు.

వరండాలో సగం కట్టిన అట్టపెట్టెలు. ఆయన ఇన్‌ఛార్జి చేతికట్టు చూసి కుర్చీ వేశాడు. తర్వాత లోపలికి వెళ్లి ఒక నోటుపుస్తకం తెచ్చాడు.

"నిన్న చెప్పబోయింది ఇదే బాబూ. నంబరు వచ్చిన నిమిషానికల్లా ఒకడు ఫోన్ చేసేవాడు. మీ ఆఫీసు నుంచే అనేవాడు."

ప్రతి పేజీలో తేదీ, టైము, ఫోన్ చేసినవాడి మాటలు. మొదటి పేజీ చదివాడు ఇన్‌ఛార్జి.

'ఉదయం పది. ఆరు అంకెలు చెబితే ధ్రువపత్రం ఈ రోజే ఇంటికి పంపిస్తానన్నాడు. చెప్పలేదు.'

రెండో పేజీ అదే. చివరి పేజీ కూడా అదే.

"ఆ కాగితం కోసమే కదా మీరు మా చుట్టూ తిరిగింది! ఒక్కసారైనా వాడికి ఆ అంకెలు చెప్పాలనిపించలేదా బాబాయ్?"

"అనిపించకేం బాబూ, ఇల్లు పోతోందాయె. కానీ ఆవిడ ఉన్నప్పుడు నాక్కూడా చూపించేది కాదు ఆ నంబరు. ఊరంతా తాగే నీళ్లండీ, అనేది."

ఇన్‌ఛార్జి నోటుపుస్తకం మూసి ఆయన చేతికిచ్చాడు. సిగ్గుతో తల వంచుకుని ఆఫీసుకు తిరిగొచ్చాడు.

పై ఆఫీసుకు పంపాల్సిన రిపోర్టులో 'ఇప్పటివరకు భద్రత చూసినవారు' అని ఒక గడి ఉంది. అలవాటుగా తన పేరు రాసుకున్నాడు. కాసేపు దాన్నే చూసి, కొట్టేశాడు.

రెండు నెలలు ఊరి నీళ్లకు కాపలా కాసిన ఆ మనిషి అసలు పేరేమిటో తెలుసుకోవడానికి, పక్క కిటికీలో ఆగిపోయిన ఆ ధ్రువపత్రం దరఖాస్తునే వెతికి తీయాల్సి వచ్చింది.