ముప్ఫై ఒకటో గొర్రె

వాకిట్లో వ్యాను ఆగిన చప్పుడు వినగానే ఆవిడ చేస్తున్న పని ఆపి లేచింది. కత్తెరాయన వచ్చేశాడు. ఆయన ఉన్ని కత్తిరించాల్సిన ఒకే ఒక్క గొర్రె చచ్చిపోయి పది రోజులైంది. ఆ మాట ఫోన్ చేసి చెప్పడానికి ఆవిడకు మనసు రాలేదు.

చెబితే ఆయన రాడు. ఆయన కూడా రాకపోతే ఆ ఇంటి గడప తొక్కేవాళ్లు ఇంకెవరూ లేరు.

ఆవిడవి ముప్ఫై గొర్రెలు. భర్త పోయాక ఒంటిచేత్తో సాకగలిగినవి కావాలని, పాతవి అమ్మేసి ఉన్ని లేని జాతిని తెచ్చుకుంది. మేకలకున్నట్టు పొట్టి వెంట్రుకలే. అవీ ఎండలు ముదరగానే వాటంతటవే రాలిపోతాయి. ఎండకీ వానకీ లొంగని మొండిఘటాలు. ఈనడానికీ ఎవరి సాయం అడగవు. మనిషి అవసరమే లేని గొర్రెలు. మనిషి రాని ఇల్లు ఎలా ఉంటుందో వాటిని కొన్నాకే తెలిసింది.

అంతకుముందు ఏటేటా ఉన్ని కత్తిరించడానికి కత్తెరాయన వచ్చేవాడు. పని లేకపోయేసరికి రావడం మానేశాడు.

ఆరేళ్ల కిందట ఒక ఉదయం మందలో ఉన్నిగొర్రె ఒకటి కనిపించింది. ఎవరిదో దారి తప్పిందనుకుంది. చుట్టుపక్కల అందర్నీ అడిగింది. మాది అన్నవాళ్లు లేరు. ఇంకెవరి గొర్రెలు వచ్చి పడతాయోనని దొడ్డి గేటుకు తాళం కొని వేసింది. ఆ తర్వాత కత్తెరాయనకు ఫోన్ చేసింది.

అప్పట్నుంచి ఏడాదికోసారి వస్తున్నాడు. పావుగంట పని, మూడు గంటల కబుర్లు. ఆ మూడు గంటల కోసం ఆవిడ మిగతా ఏడాదంతా ఓర్చుకునేది.

"ఆ ఒక్కదాని కోసం ఇంత తతంగమా వదినా, అమ్మి పారెయ్," అని ఆడపడుచు ఫోన్లో సాధించేది. ఆవిడ విననట్టే ఊరుకునేది.

పోయినేడు కత్తెరాయన దాని నోరు తెరిచి చూశాడు. ముసలితనానికి పళ్లు సగం ఊడిపోయాయి. దాని తల నిమిరి వదిలేశాడు.

ఇవాళ ఆవిడ టీ పెట్టింది. అది తాగాక ఇంకోసారి పెట్టింది.

"మోకాళ్లెలా ఉన్నాయండీ?" అన్నాడాయన.

"కూర్చుంటే లేవనివ్వవు, లేస్తే కూర్చోనివ్వవు. మీ నడుమో?"

"వంగమంటే వంగుతుంది. లేవమంటే ఆలోచిస్తుంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. మూడోసారి గిన్నె తీసి చూస్తే పాలు అయిపోయాయి.

"ఇక పని చూద్దామా?" అన్నాడాయన.

ఆవిడ ఖాళీ గిన్నె కింద పెట్టింది.

"అది పోయిందండీ. పది రోజులైంది. ముందే చెప్పాల్సింది. అనవసరంగా ఇంతదూరం రప్పించాను."

కత్తెరాయన ఖాళీ కప్పు పక్కన పెట్టాడు. తర్వాత సంచి అందుకుని లేచాడు. ఆవిడ గుమ్మం దాకా వెళ్లింది. వచ్చే ఏడు కూడా రండి అనడానికి ఏదైనా సాకు దొరుకుతుందేమోనని వెతుక్కుంది. ఒక్కటీ దొరకలేదు. ఏడుపొచ్చింది.

ఆయన వ్యాను వెనక తలుపు తీశాడు. లోపల గడ్డి మీద ఉన్నిగొర్రె పిల్ల ఒకటి నిలబడి ఉంది.

"దొడ్డి తాళంచెవి ఒకసారి ఇస్తారా," అన్నాడు ఆవిడ మొహంలోకి చూడకుండా, "ఆరేళ్ల కిందటైతే తాళం లేదు కాబట్టి, మీరు నిద్ర లేవకముందే లోపలికి తోలేసి వెళ్లిపోయాను."