ఉల్లిపాయ తురుము

"ఆ ఉల్లిపాయ కింద పెట్టు, ఐడెల్లా!"

వంటింటి గుమ్మంలో నిలబడి ఆర్డిస్ గొంతు తగ్గించే అంది గాని, మాటలో కసురు తగ్గలేదు. ఐడెల్లా వెనక్కి తిరగలేదు. నల్ల గౌను చేతులు మోచేతి పైకి మడిచి, ఉల్లిపాయ పొట్టు ఒలుస్తూనే ఉంది. భర్త వెండెల్‌ను సమాధి చేసి వచ్చి గంట కూడా కాలేదు. ముందు గదినిండా చర్చివాళ్ళూ ఇరుగుపొరుగువాళ్ళూ కూర్చుని ఉన్నారు.

"చావు జరిగిన ఇంట్లో ఇంటావిడే వంటకి దిగడం ఎక్కడైనా చూశావా? అందరూ ఇన్నిన్ని గిన్నెలు తెచ్చి పెట్టారు. ముందు గదిలో బల్ల మీద చెయ్యి పెట్టే చోటు లేదు. ఇంకా ఏం తక్కువైందని?"

"పిమెంటో చీజ్ తక్కువైంది, వదినా."

"పక్కింటి మిస్ టిల్లీ తెచ్చిందిగా. కొట్లో కొన్న డబ్బా."

"అందుకే తక్కువైందంటున్నాను."

ఆర్డిస్ లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. వెండెల్‌కు అక్క ఆవిడ. తమ్ముడి ఇంటి పరువు ఇవాళ తన చేతుల్లో ఉందన్నట్టుంది ఆవిడ వాలకం. వంటింటి గట్టు మీద పెద్ద గిన్నెలో అప్పుడే చేత్తో తురిమిన చెడ్డార్ చీజ్ పోగు, దాని మీద నీళ్ళు వంచేసిన, కారం లేని ఎర్ర పిమెంటో మిరప ముక్కలు, నాలుగు గరిటెల మయొనైజ్. ఇక పడాల్సింది ఉల్లిపాయ ఒక్కటే.

"చేతులు కంపు కొడతాయే! ఊరంతా ఆ చేతులు పట్టుకునే పలకరిస్తారు. పాస్టరుగారు ఏమనుకుంటారు?"

"ఉల్లిపాయ తరిగిందనుకుంటారు."

"దుఃఖంలో నీకు మతి నిలవడం లేదు. రా, వచ్చి కూర్చో."

"దుఃఖంలోనే ఉన్నాను వదినా. ఆకలి కూడా వేస్తోంది."

ఐడెల్లా తురుము పీటను గిన్నె అంచుకు ఆనించి, సన్న పళ్ళున్న వైపు తిప్పింది. పెళ్ళైన మొదటి వారంలోనే వెండెల్ చెప్పాడు, మా అమ్మ ఇందులో ఉల్లిపాయ వేసేది కాదు, చెంచాడు పంచదార వేసేది అని. అత్తగారు అప్పటికే పోయింది. ఆవిడ చేతి వంట ఐడెల్లా ఎరగదు. ఒకసారి కొంచెం ఉల్లిపాయ తురిమి కలిపితే వెండెల్ పళ్ళెం పక్కకు జరిపేసి, "మా అమ్మది ఇలా ఉండేది కాదు" అన్నాడు. చెడ్డవాడేమీ కాడు. కాని ఈ ఒక్క గిన్నె విషయంలో మాత్రం దిగిరాలేదు. నలభై ఒక్కేళ్ళు ఐడెల్లా ఆ తీపే చేసింది, ఆ తీపే తింది. ఈ ఒక్కసారైనా తన ఇంట్లో, తన బల్ల మీద, తన నోటికి నచ్చినట్టు చేసి పెట్టాలని పొద్దున్నే నిశ్చయించుకుంది.

"సరే, అంత తినాలని ఉంటే ఓ చెంచాడు కలుపుకో. ఇక్కడే తినేసి రా. ఎవరికీ తెలియనక్కర్లేదు," అంది ఆర్డిస్, కాస్త మెత్తబడి.

"దాక్కుని తినను వదినా. అందరి ముందూ పెట్టి తింటాను."

"ఇవాళే దొరికిందా నీకు?"

"నిన్నటిదాకా దొరకలేదుగా!"

ఉల్లిపాయ కర్‌కర్‌మని తురుము పీట మీద అరిగింది. ఆ చప్పుడుకు ముందు గదిలో మాటలు ఆగిపోయాయి. ఐడెల్లా రసంతో సహా తురుమంతా గిన్నెలోకి తోసి, చిటికెడు ఎండుకారం చల్లి, చెక్క గరిటెతో కలిపింది. పంచదార డబ్బా వైపు చూడనైనా చూడలేదు. తెల్ల రొట్టె ముక్కల మీద దట్టంగా పూసి, అంచులు కోసేసి, ఐమూలగా రెండేసి ముక్కలు చేసింది. పళ్ళెం రెండు చేతులా ఎత్తుకుని, మోచేత్తో తలుపు తోసుకుని నడిచింది.

అందరూ చూస్తుండగానే బల్ల మధ్యలో ఉన్న మిస్ టిల్లీ డబ్బాను చివరికి జరిపి, ఆ చోట తన పళ్ళెం పెట్టింది.

"అయ్యో తల్లీ, నువ్వెందుకు శ్రమపడ్డావు?" అంది మిస్ టిల్లీ, ముఖం చిన్నబుచ్చుకుని.

"శ్రమేముంది? ఇన్నేళ్ళకు సరదాగా చేశాను."

ఐడెల్లా ఒక ముక్క తీసి, వెనకే వచ్చిన ఆర్డిస్ చేతికి అందించింది. నలుగురిలో వద్దనడం ఆ ఊళ్ళో ఎవరికీ అలవాటు లేదు. ఆర్డిస్ పెదవులు బిగించి తీసుకుంది, కొంచెం కొరికింది. నమలడం ఆపేసింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఘాటెక్కిందా? ఎక్కనీ," అంది ఐడెల్లా ఆవిడ చెవి దగ్గరగా. "మీ అమ్మ చేసినట్టు లేదని నాకూ తెలుసు. నలభై ఒక్కేళ్ళు ఆవిడ చేసినట్టే చేశాను, ఉల్లిపాయ లేకుండా, పంచదార వేసి. ఇక చెయ్యను. ఏమంటావో అను."

ఆర్డిస్ వింతగా చూసింది.

"మా అమ్మ పంచదార వెయ్యడమేమిటి? అమ్మ చేసింది అచ్చం ఇలాగే ఉండేది. ఇలాగే సన్నగా, రసంతో సహా తురిమేది. నాలిక మీద ఉల్లిపాయ తగిలితే మా తమ్ముడు ఉమ్మేసేవాడు. ఏడుపు మాన్పించడానికి వాడొక్కడికీ చిన్న గిన్నెలో విడిగా తీపి కలిపి పెట్టేది."

ఐడెల్లా గిరుక్కున ఆవిడ వైపు తిరిగింది.

"ఏటా పండక్కొచ్చి నా బల్ల దగ్గర తిన్నారు కదా వదినా, అందరూ! భలే ఉందంటూ మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్నారు కదా! ఒక్కరైనా నోరు విప్పి చెప్పలేదేం?"

"ఒకరింట్లో తింటూ బాగోలేదని ఎలా అంటామే?" అంది ఆర్డిస్, రెండో ముక్క అందుకుంటూ. "ఆ పంచదార మీ పుట్టింటివాళ్ళ అలవాటేమో అనుకున్నాం."