పాత మేనేజరు

"పాత బ్రౌజర్లో ఈ ఉద్యోగం ఫారం తెరుచుకోవట్లేదు, కొత్తదేమో ఇన్‌స్టాల్ కావట్లేదు. ఏది మంచిదో నువ్వే చూసి వెయ్యమ్మా. గంటలో పంపకపోతే గడువు దాటిపోతుంది," అంటూ పెద్దాయన ల్యాప్‌టాప్‌ను రిపేరు బల్ల మీద పెట్టాడు.

షాపు నడిపే ఆమెకు ఒళ్లు మండింది. ఆఫీసు కంప్యూటర్లో అడగకుండా వేరే బ్రౌజర్ వేసుకుందని, ఆరేళ్ల కిందట అందరి ముందూ నానా మాటలూ అని తనను ఉద్యోగంలోంచి తీసేసిన మేనేజరు ఆయనే.

లోపం వెంటనే దొరికింది. డిస్కు నిండిపోయింది, అంతే. పది నిమిషాల పని.

"సాయంత్రం దాకా పడుతుంది," అంది కసిగా.

"అయ్యో! కంపెనీ మూతపడ్డాక వచ్చిన ఒక్క అవకాశమమ్మా ఇది."

"నేనెవరో తెలుసా? బ్రౌజర్ మార్చానని మీరు గెంటేసినదాన్ని."

ఆయన కళ్లజోడు సర్దుకుని తేరిపార చూశాడు. "చాలామందిని తీసేశానమ్మా. నువ్వు గుర్తు రావట్లేదు."

ఆమె ఆరేళ్లుగా మనసులో రోజూ ఈయనతో పోట్లాడుతూనే ఉంది. ఈయన ఒక్కనాడైనా ఆమెను తలచుకోలేదు. గడువు దాటిపోయినా, ఎవరో షాపామె ఆలస్యం చేసిందనుకుంటాడు.

కాగితం, పెన్ను ఆయన ముందుకు తోసింది.

"నా పేరు చెప్తాను, రాయండి."

ఆయన రాశాడు.

"ఇంటిపేరుతో సహా."

అదీ రాశాడు. అప్పుడు డిస్కు ఖాళీ చేయడం మొదలుపెట్టింది.