అరవై సెంట్ల తగాదా

"ఈరోజు వీళ్లిద్దరూ రాజీ పడితే రేపే జేసీబీ దిగుతాది," అని బ్రోకర్ గిరిప్రసాద్ ఫోన్లో ఎవరితోనో అంటున్న మాట మొక్కల మీద పరిశోధనకు వచ్చిన రేవతి చెవిన పడింది. రాస్తున్న పెన్ను ఆగిపోయింది.

వడమాలపేట అవతల అన్న శాంతయ్య మామిడితోటకూ, తమ్ముడు పెంచలయ్య మామిడితోటకూ నడుమ అరవై సెంట్ల నేల ఉంది. నాదంటే నాదని ఇద్దరూ ఇరవై ఆరేళ్లుగా కోర్టుకు తిరుగుతున్నారు. తీర్పు వచ్చేదాకా అందులో ఎవరూ కొమ్మ విరవకూడదని స్టే. ఇంకేం, గొడ్డలి పడలేదు, నిప్పు పడలేదు, పురుగుమందు పడలేదు. పిట్టలు ఎక్కడెక్కడి గింజలో తెచ్చి రాల్చాయి. రాలిన ఆకు అక్కడే మగ్గి ఎరువైంది. ఏటా దున్నే ఆ రెండు తోటల్లో వెతికి వెతికి పద్నాలుగు రకాల మొక్కలు లెక్కపెట్టిన రేవతికి, ఈ కాస్త ముక్కలో నూట పన్నెండు దొరికాయి. పైగా రాత్రిపూట తిరిగే దేవాంగపిల్లి జంట ఒకటి. యూనివర్సిటీకి ఇవ్వాల్సిన పుస్తకంలో 'కారణం' అన్న గడిలో ఆమె ఉన్నమాటే రాసింది: అన్నదమ్ముల తగాదా.

ఆ తగాదా ఇప్పుడు తీరిపోయేలా ఉంది. కేసు తెగితే తోటలూ ముక్కా కలిపి ప్లాట్లు వేయాలని ఇద్దరి కొడుకులకూ ఆత్రం. గిరిప్రసాద్‌ను పట్టుకొచ్చింది వాళ్లే.

"తినలేదేం పాపా?" శాంతయ్య క్యారియర్ గిన్నె ముందుకు జరిపాడు. భార్య పోయినప్పటి నుంచి ఆయన పగలంతా తోటలోనే ఉంటాడు. మూడు నెలలుగా ఆయన సద్దిలో సగం రేవతిదే. ఒంటిమనిషైనా ఎంత కమ్మగా వండుకుంటాడో అనుకునేది. "సంకటి సల్లారిపోతాది. నంజుకునేదానికి ఊరిబిండి ఉండాది, సూడు."

"పెద్దాయనా, మీరు రాజీకి ఒప్పుకుంటారా?"

"మెల్లిగా మాట్లాడు పాపా. ఆ పిల్లి పగలే కదా పండుకునేది." ఆయన పొదల వైపు చూశాడు. "పిలిచినారు. పోకుంటే బాగుండదు."

అవతలి గట్టు మీద పెంచలయ్య ఎవరివో మేకలను అదిలిస్తున్నాడు. అన్నకు దక్కనివ్వని నేలను మేకలకు కూడా దక్కనివ్వడు, అంత పంతం. ఆ పంతం ఇంకో పదేళ్లు ఉండాలని రేవతి దేవుడికి మొక్కుకుంది. అన్నదమ్ములు కలవకూడదని మొక్కుకోవడం పాపమే. అయినా మొక్కుకుంది.

పంపుసెట్టు షెడ్డు దగ్గర కొడుకులు కుర్చీలు వేశారు. పెంచలయ్య భార్య లీలావతితో వచ్చాడు. ఆ ఇరవై ఆరేళ్లూ బావగారి గడప తొక్కని మనిషి ఆమె. ఎదురుపడితే మొహం తిప్పుకుని పోతుందని ఊరంతా చెప్పుకుంటుంది.

"ఒక కడుపున పుట్టినోళ్లు. ఎన్నాళ్లప్పా ఈ కోర్టులు?" గిరిప్రసాద్ తియ్యగా అన్నాడు. "చెరి ముప్పై సెంట్లు. సంతకాలు పెట్టండి."

శాంతయ్య పెన్ను అందుకున్నాడు. షెడ్డు గోడ పక్కన నిలబడి రేవతి చూస్తోంది.

"తూరుపు పక్క ముప్పై నాకు," అన్నాడు పెంచలయ్య.

శాంతయ్య పెన్ను కింద పెట్టాడు. "తూరుపు నాది."

"పోనీలే పెంచలన్నా, నువ్వు పడమర తీసుకో," అన్నాడు గిరిప్రసాద్.

"ఆయప్ప వద్దని పారేసింది నాకెందుకు?"

"నాయన సచ్చిన దినం వీడు ఏమన్నాడో నాకింకా గురుతుండాది," శాంతయ్య లేచాడు.

"ఈయన మొహం సూస్తానే నాకు కడుపు మండతాది. పాండి ఇంటికి," అని లీలావతి మొగుణ్ణి చెయ్యి పట్టి లాక్కుపోయింది.

గిరిప్రసాద్ కాగితాలు మడిచాడు. "ఈ జన్మకు వీళ్లు కలవరు," అన్నాడు కొడుకులతో.

రేవతికి హమ్మయ్య అనిపించింది, వెంటనే సిగ్గేసింది. శాంతయ్య తుండుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు.

"బాధపడకండి పెద్దాయనా."

"ఏం జేస్తాం పాపా. గిన్నెలు కడిగి నా చేతికే ఇయ్యి. ఆడా ఈడా పెట్టొద్దు."

కుళాయి కింద ఆమె గిన్నెలు ఒక్కొక్కటే తోమింది. మారిపోకుండా సామాన్ల మీద ఇంటి ఆడవాళ్ల పేరు కొట్టించుకోవడం ఈ వైపు మామూలే. చివరి గిన్నె బోర్లించేసరికి చెక్కిన అక్షరాలు వేలికి తగిలాయి.

లీలావతి, అని ఉంది.